గృహవిజ్ఞానము: ‘గ్యాసు అయిపోయింది’ అను మాట

చైత్రము దాటి వైశాఖము వచ్చుసరికి మన యిండ్లలో ఏటేట వినబడు మాట యొకటి కలదు. ఏసీ వేయుదుము, గాలి వచ్చును గాని చల్లదనము రాదు. మెకానిక్కునకు కబురు పోవును. అతడు వచ్చి, బయటి పెట్టెకు ఒక గొట్టమును తగిలించి, గడియారము వంటి దాని ముల్లును చూచి, "గ్యాసు అయిపోయిందమ్మగారూ, నింపాలి" అనును. ఇల్లాలు బీరువా తెరచి సొమ్ము తెచ్చి యిచ్చును. సాయంకాలమునకు గది చల్లబడును. మరుసటి వైశాఖమునకు మరల అదే మాట, అదే బీరువా.

ఈ మాటను మేమును మూడేండ్లు నమ్మితిమని చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది. ఐనను చెప్పకున్నచో ఈ నెల వ్రాయబూనిన విషయమునకు మొదలు దొరకదు. మా కాపురము కాకినాడలో. ఇంట నున్నది ఒక్కటే ఏసీ. అది 82 ఏండ్ల మా అత్తగారి గదిలో నున్నది. అద్దెయిల్లు విడిచి స్వంత యింటికి వచ్చినప్పుడు దానిని విప్పించి తెచ్చి మరల బిగింపించితిమి. ఆ మరుసటి వేసవి నుండియే గ్యాసు బాధ మొదలయ్యెను. మొదటి యేడు 2,800 రూపాయలు, రెండవ యేడు 3,000, మూడవ యేడు 3,200. వెరసి 9,000 రూపాయలు. ప్రతిసారియు "ఈ కాలపు వస్తువు లింతే" యనుకొని ఊరకుంటిమి. మూడవ యేడు నింపిన గ్యాసు నలువది దినములైన నిలువలేదు. రోహిణీకార్తెలో రోళ్లు పగులునని పెద్దలు ఊరక యనలేదు గదా! ఆ కార్తెలో ఒక రాత్రి, యంత్రము వట్టిగాలి విసరుచుండగా, ఆమెకు కండ్లు తిరిగి, ఒడలు కాలిపోయి, తెల్లవారుజామున వైద్యుని పిలువవలసి వచ్చెను. సెలైను ఎక్కించిన పిమ్మట తేరుకొనిరి. వైద్యుడు వెడలిన తరువాత ఆమె మమ్ము దగ్గరకు పిలిచి, నీరసముగానే యడిగిరి:

"అమ్మాయీ, ఆ గ్యాసు దేనికి ఖర్చవుతోందే? దాంతో వంట చేస్తున్నామా, దీపం వెలిగిస్తున్నామా?"

మేము బదులు చెప్పలేకపోతిమి. కళాశాలలో చదివిన మాకు మూడేండ్లకును తోచని ప్రశ్న, ఐదవ తరగతితో బడి మానిన ఆమెకు మంచము మీద తోచినది. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటలో మేము తెలిసికొన్నదే యీ వ్యాసము.

వంటగ్యాసు మండి వేడి నిచ్చి పోవును. కావున సిలిండరు ఖాళీ యగును. దీపములోని నూనె వత్తి ద్వారమున కాలిపోవును. ఏసీలోని గ్యాసు అట్టిది కాదు. అది కాలదు, తరుగదు, అరుగదు. పేరునకు గ్యాసే గాని అది యంత్రములో సగము త్రోవ ద్రవముగను సగము త్రోవ ఆవిరిగను తిరుగుచుండును. మనము మట్టికూజాలో నీరు పోసినచో, పైకి ఊరిన చెమ్మ ఆవిరి యగుచు లోని వేడిని తీసికొనిపోవును; అందుచేతనే నీరు చల్లబడును. సూదిమందు వేయుటకు ముందు నర్సు దూదితో స్పిరిటు రాచినచోట చలువగా నుండుటయు నిందువలననే. ద్రవము ఆవిరి కావలెనన్న వేడి కావలయును. ఆ వేడిని అది దగ్గరనున్న దానినుండి లాగికొనును. ఏసీలో వాడు ద్రవమునకు ఆవిరి యగుటకు మన వేసవి వేడి అక్కరలేదు. ఇప్పటి క్రొత్త యంత్రములలో విరివిగా నుండు ఆర్-32 అను పదార్థము బయటి గాలి ఒత్తిడిలో సున్నకు 52 డిగ్రీలు దిగువననే మరుగును. గోడకు తగిలించిన లోపలి పెట్టెలోని సన్నని గొట్టములలో ఇది మరిగి, గదిలోని వేడిని త్రాగి, ఆవిరియై బయటి పెట్టెకు పోవును. అచట కంప్రెసరు దానిని అదిమి, వేడెక్కించి, చుట్టలలోనికి త్రోయును. బయటి పంకా ఆ వేడిని వీథిలోనికి ఊదివేయగా, ఆవిరి మరల ద్రవమై, సన్నని రంధ్రము గుండ లోపలికి వచ్చును. పూర్వము పల్లకి మోసిన బోయీలు పెండ్లికూతురిని అత్తవారింట దించి, ఖాళీ పల్లకితో తిరిగివచ్చి, మరల మరొకరిని ఎక్కించుకొనెడివారు గదా! ఈ గ్యాసు అట్టి బోయీయే. వేడిని మోసికొనిపోయి బయట దించి వచ్చును. బోయీ ఖర్చగునా?

(ప్రసంగవశమున ఒక మాట. ఏసీని "ఒకటిన్నర టన్ను" అనునప్పుడు అది దాని బరువని మేము చాలకాలము భ్రమపడితిమి. మంచుగడ్డలతో గదులను చల్లబరచిన కాలపు లెక్క యిది. అమెరికావారి టన్ను, అనగా 907 కిలోల మంచు, ఒక పగలు ఒక రాత్రి కరగుచు ఎంత వేడిని త్రాగునో అంత వేడిని బయటకు మోయగల యంత్రము ఒక టన్నుది.)

ఇంకను నమ్మకము కుదరనివారు తమ వంటయింటి ఫ్రిజ్జువంక చూడవలెను. అదియు నిట్టి గ్యాసుతోనే నడుచును. పదునైదేండ్లుగా పగలు రాత్రి నడుచుచున్న ఫ్రిజ్జునకు ఒక్కసారియైన గ్యాసు నింపింపని యిండ్లు ఎన్ని లేవు! ఫ్రిజ్జు గొట్టములు కర్మాగారముననే అతుకబడి, మూయబడి వచ్చును. ఏసీ సంగతి వేరు. దాని రెండు పెట్టెలను రాగిగొట్టములతో కలుపుట మన యింటి గోడ దగ్గర, ఒక మనిషి చేతితో జరుగు పని. గొట్టపు కొనను కాహళపు మూతివలె విప్పారజేసి, ఇత్తడి నట్టుతో బిగింతురు. ఆ మూతి వంకరగా విప్పారినను, నట్టు వదులైనను, బలమెక్కువై రాగి చిట్లినను, కంటికి కానరాని సందు ఏర్పడును. యంత్రము నడుచునప్పుడు బయటి చుట్టలలోని ఒత్తిడి మోటారుకారు చక్రములోని గాలికి పదిరెట్లు మీరియుండును. వెండ్రుకవాసి సందు చాలును.

కావున, సోదరీమణులారా, "గ్యాసు అయిపోయింది" అను మాట తప్పు. "గ్యాసు కారిపోయింది" అనవలెను. మాట మారినచో అడుగవలసిన ప్రశ్నయు మారును. ఎంత నింపవలెనని కాదు, ఎక్కడ కారుచున్నదని అడుగవలెను. కుండ కారుచున్నదని తెలిసియు నీళ్లు పోయుచుండు ఇల్లాలిని లోకము నవ్వును. మేము మూడేండ్లు అదే చేసితిమి.

అయితే చల్లదనము తగ్గినప్పుడెల్ల గ్యాసు కారినదనుటయు పొరపాటే. లోపలి పెట్టె జల్లెడ దుమ్ముతో మూసికొనిపోయినచో గాలి సాగదు. చుట్టలపై మంచు కట్టును. నీరు గోడవెంట కారును. బయటి పెట్టె రెక్కలలో దూది, పావురాల ఈకలు, ధూళి చేరినచో వేడి బయటకు పోదు. పంకా దగ్గరనుండు కెపాసిటరు అను చిన్న వస్తువు బలహీనమైనను యంత్రము నీరసించును. కావున మొదట మనమే మెయిను స్విచ్చి కట్టివేసి, జల్లెడలను తీసి, కుళాయిక్రింద కడిగి, నీడను ఆరనిచ్చి తగిలింపవలెను. వేసవిలో పక్షమున కొకసారి యీ పని చేయుట మంచిది. దీని తరువాతను చల్లదనము లేక, చుట్టలలో ఒక మూలమాత్రము మంచు కట్టుచు, నట్టులదగ్గర నూనెజిడ్డు కనబడుచున్నచో, కారుచున్నదని అనుమానింపవచ్చును. గ్యాసుతోపాటు కంప్రెసరు నూనెయు కొంచెము కొట్టుకొని వచ్చును. గ్యాసు ఎగిరిపోయినను జిడ్డు అంటియుండి జాడ చెప్పును. గ్యాసు తగ్గిన యంత్రము ఎంత నడిచినను ఆగదు; కరెంటు బిల్లు పెరుగును. తిరిగివచ్చు చల్లని ఆవిరియే కంప్రెసరును చల్లబరచును గాన, అది చాలనప్పుడు కంప్రెసరు వేడెక్కి కాలిపోవచ్చును. అప్పుడగు ఖర్చుముందు గ్యాసు ఖర్చు లెక్కలోనిది కాదు.

మా యింట నిజము బయటపడిన తీరు చెప్పెదము. మా ఆడబిడ్డగారు తమకు తెలిసిన ఒక కుఱ్ఱవానిని పంపిరి. ఐ.టి.ఐ.లో ఈ విద్య చదివినవాడు. అతడు మొదట జల్లెడలను, బయటి రెక్కలను, కెపాసిటరును చూచెను. పిమ్మట గొట్టము తగిలించి ముల్లు చూచి, మమ్మడిగెను: "ఇంతకుముందు ఏ గ్యాసు నింపారండి? ఎంత నింపారండి?" మేము మూడేండ్ల రశీదులు తెచ్చి చూపితిమి. మూడింటను "గ్యాసు ఫిల్లింగు" అనియే గాని పేరు లేదు, తూకము లేదు. అతడు తల యాడించి, "గ్యాసు అయిపోవడం అంటూ ఉండదండి. కారిపోద్దండి. ఎక్కడ కారుతుందో చూడకుండా నేను నింపనండి" అనెను.

"చూచుటకు ఎంత సేపు పట్టును నాయనా?" అని యడిగితిమి.

"ఈ రాత్రంతా పడుతుందండి. పెద్దమ్మగారిని వేరే గదిలో పడుకోబెట్టండి."

ఈ మాట వినుటకు కష్టముగా నుండెను. ఇతరు లరగంటలో చల్లబరచిన గదిని ఇతడు రేపటికి వాయిదా వేయుచున్నాడు. అరగంట మనిషికే మనము అలవాటుపడితిమి. మా అత్తగారే, "మూడేళ్లు తొందరపడ్డాం, ఒక్క రాత్రి ఆగలేమా" అనిరి. ఆ రాత్రి ఆమెను ఆడబిడ్డగారి యింట నుంచితిమి.

అతడు యంత్రములో మిగిలియున్న గ్యాసును గాలిలోనికి విడువక, ఒక చిన్న యంత్రముతో లాగి వేరొక సిలిండరులోనికి ఎక్కించెను. పిమ్మట నత్రజని సిలిండరు తెచ్చి, గొట్టములలో నత్రజనిని ఒత్తిడితో నింపి, ముల్లు 350 దగ్గర నిలువగా, ఆ గీత దగ్గర సిరాతో గురుతు పెట్టి వెడలిపోయెను. నత్రజని మండనిది, చెమ్మ లేనిది. అందుచే శోధనకు దానినే వాడుదురు. ఆక్సిజను సిలిండరుతో నీ పని చేయబూనిన మనిషిని మాత్రము వెంటనే ఆపవలెను. లోపల నూనె యున్నది. నూనెకును ఒత్తిడిలోనున్న ఆక్సిజనుకును పొసగదు, ప్రేలును. మరునాడుదయము చూడగా ముల్లు 320కి దిగియుండెను. అతడు గిన్నెలో సబ్బునురుగు చేసి కుంచెతో ఒక్కొక్క అతుకునకు పూయసాగెను. బయటి పెట్టె దగ్గర ఏమియు లేదు. లోపలి పెట్టె వెనుక, గోడ రంధ్రములో, తెల్లని టేపును స్పంజును విప్పగా, ఒక నట్టు మొదట పూసిన నురుగులో ఆవగింజంత బుడగ పొడమి, పెరిగి, పగిలి, మరల పొడమెను. మా అత్తగారు ఆడబిడ్డగారి యింటినుండి అప్పుడే వచ్చి కుర్చీ వేయించుకొని చూచుచుండిరి. "అదిగో, తొమ్మిది వేలు!" అనిరి.

ఇల్లు మారినప్పుడు బిగించినవారు నట్టును మితిమీరి తిప్పగా రాగిమూతి చిట్లియుండెను. అతడు ఆ కొనను కోసి, క్రొత్తగా మూతి విప్పి, ఎంత బలము పెట్టవలెనో చూపు రెంచితో బిగించెను. మరల నత్రజని, మరల నురుగు, బుడగ లేదు. తరువాత వాక్యూము పంపు తగిలించి ముప్పావుగంట లోపలి గాలిని, చెమ్మను లాగివైచెను. పంపు ఆపిన పిమ్మటను ముల్లు కదలకుండుట చూచి, సిలిండరును తక్కెడమీద పెట్టి, యంత్రపు రేకుమీద వ్రాసియున్నంత, అనగా 820 గ్రాములు, క్రొత్త గ్యాసు ఎక్కించెను. అంతటికిని 4,600 రూపాయలు పుచ్చుకొనెను. మొదటి యేడే యిట్లు చేయించియుండినచో మిగులు సొమ్ము సంగతి అటుండనిండు. ఆ కార్తెలో ఆ రాత్రి మా యింట వచ్చియుండెడిది కాదు.

ఒక్క మాట న్యాయముగా చెప్పవలెను. నింపి వెడలిపోవు మెకానిక్కు లందఱును మోసగాండ్రు కారు. మిట్టమధ్యాహ్నపు టెండలో, మూడవ అంతస్తు గోడకు వ్రేలాడు బయటి పెట్టె దగ్గర, నడుమునకు త్రాడైనను లేక నిలుచుండి పనిచేయు వారి అవస్థ మనము లోపలినుండి చూడము. వారికి కూలి పిలుపునకింత. రాత్రియంతయు శోధించినను అరగంటలో నింపినను ఒక్కటే. మనమును "తొందరగా కానిమ్ము" అందుము. భారతప్రభుత్వము 2019లో ప్రకటించిన శీతలీకరణ కార్యప్రణాళికలో లక్షమంది మెకానిక్కులకు శిక్షణ యిప్పించుట ఒక సంకల్పముగా చేర్చినది. శిక్షణ పొందినవానికి పని చూపవలసినది మనము. శోధనకు వేరుగా కూలి యిత్తుమని మొదటనే చెప్పినచో, చాలమంది సంతోషముతో శోధింతురు.

ఇక అపాయముల మాట. ఆర్-32 మెల్లగా మండు జాతిది. ఆర్-290 అనునది ప్రొపేను. మన వంటగ్యాసులో నుండు పదార్థమే, సులభముగా మండును. ఈ పేరు విని యేసీ కట్టివేసి కూర్చుండనక్కరలేదు. పదియడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుగల గదిలోని గాలి యంతయు ఆర్-32తో కలిసి అంటుకొనవలెనన్న ఎనిమిది కిలోలకు పైగా కావలయును. యంత్రములో నుండునది ఒక కిలోకు అటునిటు. ఆర్-290 ఐనచో సుమారొక కిలో చాలును; అందుచేతనే అట్టి యంత్రములలో దానిని చాల కొద్దిగా నింపుదురు. అయితే ఇవి గాలికంటె బరువైనవి. నేలమీద, మూలలలో చేరును. భయపడవలసినది గదిని గుఱించి కాదు, మరమ్మతు చేయు చోటును గుఱించి. లోపల గ్యాసు మిగిలియుండగా గొట్టమునకు మంట చూపి అతుకబోవుట ప్రాణాపాయము. మండని గ్యాసులైనను మంట తగిలినప్పుడు విషపు పొగలు పుట్టును. కావున దీపము ఆర్పి, కిటికీలు తెరచి, గ్యాసు పూర్తిగా తీసిన తరువాతనే మంట వెలిగింపవలెనని నిర్మొహమాటముగా చెప్పవలెను. పసిపిల్లలను ఆ గదిలో నుంచరాదు. పాత ఆర్-22 యంత్రములో "ఇదీ అదే పనిచేస్తుందండి" యని మండెడు గ్యాసు నింప జూచువారిని వాకిటనుండియే పంపివేయవలెను; ఆ యంత్రము మండు గ్యాసునకు తగినట్లు చేయబడినది కాదు.

ఈ కారుట అను దోషము చేతనే గ్యాసుల చరిత్ర యంతయు నడచినది. మొదటి ఫ్రిజ్జులలో అమ్మోనియా, గంధకపు వాయువు, మిథైల్ క్లోరైడు వాడిరి. అవి కారి ఇండ్లలో జనులు మరణించిరి. బెర్లినులో ఒక కుటుంబము అట్లు చనిపోయిన వార్త చదివి, ఐన్‌స్టీను పండితుడు తన మిత్రుడు సిలార్డుతో కలిసి, కారుటకు సందులేని ఫ్రిజ్జును కల్పింప బూనెనని చెప్పుదురు. వారి కల్పనకు 1930లో అమెరికాలో పేటెంటు లభించెను. 1928లో థామస్ మిడ్జ్‌లీ యను అమెరికా రసాయనవేత్త విషము లేని, మండని గ్యాసును కనిపెట్టెను; పిమ్మట సభలో దానిని పీల్చి, ఆ యూపిరితో కొవ్వువత్తి నార్పి చూపెను. లోకము సంతోషించినది. కారినను ఏమి భయమని యెవరును సందులు వెదకలేదు. 1974లో మొలీనా, రోలండు అను నిరువురు శాస్త్రజ్ఞులు, ఈ జాతి వాయువులు ఆకాశమున పైకెగసి, సూర్యుని తీక్ష్ణకిరణములను మనమీద పడనీయక కాచు ఓజోను పొరను తినివేయగలవని చెప్పిరి. 1985లో దక్షిణధ్రువముపై ఆ పొర పలుచబడుట బయటపడెను. మరుసటి యేడు, 1986లో, ఆ మంచుదేశమునకు పోయి కారణము పరిశోధించిన అమెరికా బృందమునకు నాయకురాలు సూసన్ సాలమన్. అప్పటికామె వయస్సు 30 ఏండ్లు. ఆడువారికి యంత్రముల గొడవ యెందుకనువారికి ఆమె పేరు చెప్పవచ్చును.

1987లో మాంట్రియలు నగరమున జరిగిన ఒప్పందమును అనుసరించి ఆ వాయువులు తొలగింపబడినవి. మన పాత ఏసీలలోని ఆర్-22 కూడ ఓజోనునకు కొంత హాని చేయునదే. 2030 నాటికి దాని క్రొత్త తయారీని దాదాపుగా ఆపివేయుటకు మన దేశము ఒప్పుకొన్నది. తరువాత వచ్చిన ఆర్-410ఏ ఓజోనును ముట్టదు గాని భూమిని వేడెక్కించును. అది ఒక కిలో కారినచో నూరేండ్ల లెక్కలో సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వదలినట్లే. ఆర్-32 అందులో మూడవవంతు. ఆర్-290 లెక్కింపదగినంతయు లేదు. మా యింటి నట్టులోని ఆవగింజంత బుడగనుండి మూడేండ్లు పోయినది మా సొమ్మొక్కటే కాదు.

అన్ని కారుటలును మా యింటి దానివలె నట్టు బిగించినంత మాత్రమున తీరవు. సైకిలు ట్యూబునకు వాల్వువలె బయటి పెట్టెకు నొక సూది యుండును. అది అరిగినచో మార్చుట సులభము. రెండు గొట్టములు ఒకదాని నొకటి రాచుకొని చిల్లిపడినచో, రాగియైన అతుకవచ్చును. చుట్టయే తుప్పుపట్టి చిల్లులు పడినప్పుడు చుట్ట మార్చుటయే మేలు. ఒక చిల్లు పూడ్చిన మరొకటి పుట్టును. విశాఖ, కాకినాడ, బందరు వంటి సముద్రతీరపు టూళ్లలో ఉప్పుగాలి చుట్టలను తినును. మురుగుకాలువ ప్రక్కన బయటి పెట్టె పెట్టించినచో, ఆ మురుగులోని గంధకపు వాయువు రాగిని నల్లబరచి కొఱుకును. లోపలి చుట్టలకు మరియొక రోగము కలదు. చీమకాటులోని మంట పులుసు వంటివి, క్రొత్త చెక్కసామానుల జిగురునుండియు, కొన్ని శుభ్రపరచు ద్రావకములనుండియు గాలిలో కలిసి, చుట్టపై చెమ్మతో చేరి, రాగిలో చీమలపుట్టవంటి సన్నని సొరంగములు త్రవ్వును. శాస్త్రజ్ఞులు దీనిని చీమపుట్ట తుప్పు అనియే పిలుతురు. ఏసీ గదిలో ఘాటైన ద్రావకములు వాడినప్పుడు కిటికీ తెరచుట మేలు. తీరమున నున్నవారు బయటి రెక్కలపై, స్విచ్చి కట్టివేసి, మంచినీటిని మెల్లగా పోసి ఉప్పు కడుగుట మంచిది. కారుచున్న సందును లోపలినుండి పూడ్చునని సీసాలతో అమ్ము మందులు మాకు రుచింపవు. సందును పూడ్చవలసినది సన్నని గొట్టమునే పూడ్చివేయవచ్చును. పదేండ్లు దాటిన ఆర్-22 యంత్రమునకు చుట్ట చిల్లిపడినచో, సొమ్ము దానిపై పోయుటకంటె క్రొత్తదానికి కూడబెట్టుట మేలని మా యభిప్రాయము. గడువులోపలి యంత్రమైనచో, ఇతరుల చేయి పడకముందే గ్యారంటీ కాగితము చదువుకొనవలెను.

చేతికందు నట్టులను మనమే చూచుకొనవచ్చును. మెయిను కట్టివేసి, సబ్బునురుగుగాని చిక్కని కుంకుడునురుగుగాని కుంచెతో పూసి, రెండు మూడు నిమిషములు కన్నార్పక చూడవలెను. యంత్రము ఆగియున్నను లోపల ఒత్తిడి యుండును గనుక బుడగ కనబడును. అంతవరకే మన పని. నట్టును తిప్పరాదు, సూదిని నొక్కరాదు. అందుండి చిమ్ము ద్రవము వ్రేళ్లను మంచువలె కాల్చును.

ఢిల్లీలోను, అమెరికాలోను కాపురమున్న మా చదువరులకు ఇదే యంత్రము చలికాలమున తిరుగబడి పనిచేసి, బయటి చలిలోనుండి వేడిని లాగి లోపలికి తెచ్చును. అచట గ్యాసు కారినచో గాలి గోరువెచ్చగానే వచ్చును; బయటి చుట్ట మంచుతో గడ్డకట్టి ఎంతకును విడువదు. అమెరికాలో అర్హతపత్రము లేనివారు ఈ గ్యాసు పనిని ముట్టరాదు. ఆర్-22 వంటివానిని గాలిలోనికి విడుచుట 1992 నుండి, వాని బదులు వచ్చిన ఆర్-410ఏ వంటివానిని విడుచుట 1995 నుండి నిషిద్ధము. అచటి యంత్రములు ఇల్లంతటికి నొకటిగా నుండుటచే గ్యాసు పలు కిలోలుండును. కారినప్పుడు బిల్లును చూచి గుండె జారును. అక్కడనున్నవారును ముందు శోధింపించి, ఎక్కడ కారుచున్నదో వ్రాతమూలముగా తీసికొని, పిమ్మటనే నింపుటకో మార్చుటకో ఒప్పుకొనవలెను.

మా కుఱ్ఱవాడు వెడలునప్పుడు రశీదు వ్రాసి యిచ్చెను: గ్యాసు ఆర్-32, 820 గ్రాములు, లోపలి పెట్టె ద్రవగొట్టపు నట్టు దగ్గర క్రొత్త మూతి, నత్రజని శోధన సరి, తేదీ. మా అత్తగారు ఆ కాగితమును బీరువా తలుపు లోపలివైపున, పంచాంగము ప్రక్కన అంటింపించిరి. అప్పటినుండి రెండు రోహిణీకార్తెలు గడచినవి. మొన్న వైశాఖమున మునుపటి మెకానిక్కు దారిలో కనబడి, "గ్యాసు చూడాలా అమ్మగారూ?" అని పలుకరించెను. ఆమె అరుగుమీదనుండియే, "చూద్దువుగాని రా నాయనా, కాగితం ఉంది" అని లోపలికి పిలిచి, అతనికి మజ్జిగ యిచ్చి, ఆ కాగితమును చదివించిరి.